ఏడో మెట్టు

పదకొండున్నరకి గోదాములోంచి మొదటి మూట మెట్లెక్కింది. పన్నెండు దాటినా మెట్ల మీద రద్దీ తగ్గలేదు. కుట్టుమిషన్ల ముందు కూర్చోవలసిన నలభై మంది ఆడవాళ్లు తలకో మూట పెట్టుకుని, మెట్లకి పక్కన ఉన్న కడ్డీ వైపునుంచి ఎక్కుతున్నారు. పైన దించి వచ్చేవాళ్లు గోడ వైపునుంచి ఒరుసుకుంటూ దిగుతున్నారు. మూటకి అరవై చొక్కాలు. ఇస్త్రీ చేసి, మడిచి, లోపల అట్టముక్క పెట్టి, ఎక్కడో ఎవరో తొడుక్కోవడానికి సిద్ధం చేసిన చొక్కాలు. వాటికి చెమ్మ తగలకూడదు.

ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తేశారని పొద్దున పదింటికే కబురొచ్చింది. పదిన్నరకి వీధిలో నీళ్లు చీలమండల దాకా వచ్చాయి, పదకొండుకి మోకాళ్ల దాకా. ఫ్యాక్టరీ పునాది ఎత్తు కాబట్టి లోపల నేల ఇంకా పొడిగానే ఉంది. కానీ బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఇక ఉన్నదల్లా పైఅంతస్తు. దానికి ఉన్నది ఒకే ఒక్క మెట్లదారి, ఇద్దరు మనుషులు ఎదురైతే భుజాలు రాసుకునేంత. ఆ దారి ఇప్పుడు చొక్కాలది.

మెట్ల కింద, గోదాముకి ఎదురుగా, పిల్లల గది ఉంది. తల్లులు మిషన్ల మీద ఉన్నంతసేపూ పిల్లలు అందులో ఉంటారు. రెండేళ్లవాళ్ల నుంచి ఐదేళ్లవాళ్ల దాకా ఇరవై ముగ్గురు. వాళ్లని చూసుకునే ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. పిల్లలకీ, తల్లులకీ, ఆఖరికి జీతాలిచ్చే గుమస్తాకి కూడా ఆవిడ పెద్దమ్మే. పన్నెండు దాటాక పెద్దమ్మ పాలగ్లాసులు కడగడానికి మూలకి వెళ్లి, కడగకుండానే నిలబడిపోయింది. అక్కడి తూములోంచి నీళ్లు కిందికి పోవడం మానేసి పైకి వస్తున్నాయి. గుడగుడమంటూ, చెత్తతో సహా.

పోయినేడు కూడా నీళ్లు గుమ్మంలోంచి రాలేదు. ముందు ఈ తూములోంచే వచ్చాయి.

పోయినేడు జరిగింది ఆ ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ రోజూ ఇలాగే మూటలు ముందు ఎక్కాయి. పిల్లల్ని గదిలో బల్లల మీద నిలబెట్టి, సరుకు అయిపోగానే వచ్చి తీసుకెళ్తామన్నారు. బల్ల మీద ఉన్నవాళ్లలో ఒకడికి ఐదేళ్లు. వాళ్లమ్మ కాలర్లు కుడుతుంది, అందుకని అందరూ ఆమెని కాలరమ్మ అంటారు. గుమ్మంలోంచి చూస్తే మెట్ల మీద అమ్మ కనిపించింది. వాడు బల్ల దిగి, నడుములోతు నీళ్లలో నడిచి, నాలుగు మెట్లెక్కి వెనక నుంచి అమ్మని పిలిచాడు. తల మీద మూట ఉన్న మనిషికి వెనకా కనిపించదు, కిందా కనిపించదు. "ఉండు నాన్నా, ఈ ఒక్క మూటా పెట్టేసి వస్తా," అంది ఆమె. అని పైకి వెళ్లింది. పెట్టేసి తిరిగి రావడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ తోసుకుంటుంటే ఆ కడ్డీ కిందనుంచి వాడు ఎప్పుడు జారాడో ఎవరూ చూడలేదు. మర్నాడు నీళ్లు తీశాక గోదాము మూల దొరికాడు.

ఆ రోజు ఒక్క చొక్కా కూడా తడవలేదు.

తర్వాత ఫ్యాక్టరీ ఐదు వారాలు మూతపడింది. ఆ ఐదు వారాలకీ ఎవరికీ కూలీ లేదు. తెరిచాక ఒక అధికారి వచ్చి, గదంతా తిరిగి, కాగితం రాయించి వెళ్లాడు. వచ్చే వానల్లోపు పిల్లల గది పైఅంతస్తుకి మార్చాలి. నెలకోసారి పిల్లల్ని మెట్లెక్కించి అలవాటు చేయాలి. ప్రమాదం వస్తే ఊదడానికి ఒక ఈల ఉండాలి. యజమాని అన్నిటికీ సరేనన్నాడు. కాగితానికి అద్దం కట్టించి గోడకి తగిలించాడు. గది మాత్రం కిందే ఉండిపోయింది, ఎందుకంటే పైన సగం జాగా యజమాని ఆఫీసు, మిగతా సగం కుట్టుమిషన్లు. ఈల సూపర్‌వైజరు బల్ల సొరుగులోకి వెళ్లింది. అది మోగితే మిషన్లు ఆగుతాయి కదా మరి.

సూపర్‌వైజరుకి గడియారం అని పేరు. ఆ పేరు పెట్టింది కాజాలు కుట్టే అమ్మాయి. అతను ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడడు, మణికట్టు చూసుకుని మాట్లాడతాడు. ఆ గడియారం ఒకరోజు పెద్దమ్మ ముందు పన్నెండు కాగితాలు పరిచి సంతకాలు పెట్టమన్నాడు. రాబోయే ఏడాది పొడుగునా నెలనెలా పిల్లలకి మెట్లెక్కడం నేర్పినట్టు, ముందుగానే. నేర్పడానికి మెట్లు ఎప్పుడు ఖాళీ చేస్తారు బాబూ అని ఆవిడ అడిగితే, ముందు సంతకం పెట్టు, అదంతా తర్వాత చూద్దామన్నాడు. పెట్టకపోతే ఆ గదిలో ఇంకో మనిషి వస్తుందని కూడా మెత్తగానే చెప్పాడు. ఆవిడ పెట్టింది. చేసిన తప్పు తప్పే. ఆ రాత్రి తన చెయ్యి తనకే ఎబ్బెట్టుగా కనిపించింది.

మర్నాటి నుంచి ఆ చేతికి ఒక పని చెప్పింది. కత్తిరింపు బల్లల కింద పడే అంచు పేలికలు ఏరి తెచ్చి తాడు పేనడం మొదలుపెట్టింది. నెల రోజులు పేనితే గది ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు తిరిగేంత తాడయింది. దానికి మూరకో ముడి, ముడికో గుండీ. పనికిరాదని పారేసిన విరిగిన గుండీలే, కానీ ఒక్కో ముడికి ఒక్కో రంగు. పచ్చగుండీ వాడు పచ్చగుండీ దగ్గరికే పరిగెత్తాలి, ఎర్రగుండీ పిల్ల ఎర్రగుండీ దగ్గరికే. అలా ఇరవై మూడు ముడులు వేసింది. ఒక సాయంత్రం పని దిగి ఇంటికి వెళ్తూ కాలరమ్మ గదిలోకి వచ్చి, పిడికిలి విప్పి, ఒక తెల్లగుండీ పెద్దమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయింది. చిన్నపిల్లాడి చొక్కా గుండీ. పెద్దమ్మ తాడుకి అన్నిటికంటే ముందు ఇంకో ముడి వేసి దాన్ని అక్కడ కుట్టింది.

ఆ ముందు ముడిని ఎవరూ పట్టుకోరు. రెండోదాన్ని పట్టుకునేది కాలరమ్మ కూతురు. దానికి నాలుగేళ్లు. అన్న పోయినప్పుడు మూడు. ఆ తర్వాత రెండు నెలలు అది నోరు విప్పలేదు, కాళ్ల చెప్పులు విప్పలేదు. పడుకునేటప్పుడూ చెప్పులతోనే. వాన చప్పుడు వినిపిస్తే లేచి గుమ్మం దగ్గర నిలబడేది. చెప్పులతో పక్కెక్కితే పక్క పాడవుతుందని గడియారం ఒకసారి అంటే, ఉతికేది నేనే కదా, నువ్వెళ్లి నీ పని చూసుకో అని పెద్దమ్మ గదమాయించి పంపేసింది. ఆ పిల్లని తాడుకి ఇంజను చేసింది. నువ్వు కదిలితేనే అందరూ కదులుతారు, నువ్వు ఆగితే అందరూ ఆగుతారు అని చెప్పింది. అంత పెద్ద పని చేతికి వచ్చాక ఆ పిల్ల కాస్త తేరుకుంది. ఇప్పుడు ఒక కాలి చెప్పు విప్పి పడుకుంటుంది. రెండోది ఇంకా విప్పదు.

నేర్పింది మూడే మాటలు. గ్లాసు మీద చెంచాతో మూడు దెబ్బలు కొడితే చేతిలో ఏమున్నా వదిలేసి ఎవరి ముడి వాళ్లు పట్టుకోవాలి. ఇంజను వెనకే మెట్లెక్కాలి. అమ్మ కనిపించినా సరే, ముడి వదలకూడదు. ఆ మూడో మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆవిడ ముఖం పక్కకి తిప్పుకునేది.

ఇక చిక్కంతా మెట్ల దగ్గరే. మలుపు దాకా పదకొండు మెట్లు. మలుపులో గడియారం అద్దాల గది. ఏడో మెట్టు దాకా ఎక్కితే అతనికి కనిపించదు, ఎనిమిదో మెట్టు మీద తల కనిపిస్తుంది. కనిపించిన ఒక్కరోజూ పెద్ద రభస చేశాడు. పిల్లలు మెట్ల మీద ఉంటే తల్లుల చూపు మిషను మీద ఉండదని, ఇంకోసారి చూశానంటే తాడు లాక్కుంటానని. అందుకని ఇంజను ఏడో మెట్టు దాకా ఎక్కి, అక్కడినుంచి అందరూ వెనక్కి తిరిగి దిగేవాళ్లు. పిల్లలు అంకెలు నేర్చుకున్నది ఆ మెట్ల మీదే. ఒకటి, రెండు, మూడు, ఏడు దాకా ఎలుగెత్తకుండా లెక్కపెట్టి, వెనక్కి. ఏడు తర్వాత ఏముందో వాళ్లకి తెలియదు. అతను సెలవు పెట్టిన రోజున మిగతావి నేర్పాలనుకుంది పెద్దమ్మ. ఎనిమిది నెలల్లో అతను ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

తూములోంచి వచ్చిన నీళ్లు గది మధ్యకి పాకేసరికి ఆవిడ మెట్ల దగ్గరికి పరిగెత్తింది. గడియారం మలుపులో నిలబడి మూటలు లెక్కపెట్టుకుంటున్నాడు. పది నిమిషాలకోసారి అతని ఫోను మోగుతోంది. అవతలి నుంచి యజమాని, ఇంకెన్ని మిగిలాయని. ఎంతమంది అని అడగడం లేదు, ఎన్ని అని అడుగుతున్నాడు.

"ముందు పిల్లల్ని ఎక్కించనీ బాబూ. పది నిమిషాల పని. తర్వాత మీ మూటలు మీరు మోసుకోండి."

అతను మణికట్టు చూసుకున్నాడు. "పోయినసారి ఏమైందో మర్చిపోయావా పెద్దమ్మా? పిల్లలూ మూటలూ ఒకే మెట్ల మీద కలిశాయి కాబట్టే ఆ పిల్లాడు పోయాడు. ముందు సరుకు పోనీ. మెట్లు ఖాళీ అయ్యాక పిల్లలు. రెండింటిదాకా నీళ్లు లోపలికి రావు."

ఎంత తెలివైన మాటో చూడండి. చచ్చిపోయిన పిల్లాణ్ణి తీసుకొచ్చి బతికున్న పిల్లలకి అడ్డంగా నిలబెట్టాడు. లోపలికి వచ్చేశాయి నాయనా, గదిలోకి వచ్చి చూడమని ఆవిడ బతిమాలింది. తూము పొంగితే గుడ్డ కుక్కమన్నాడు. సరుకు తడిస్తే ముందు పోయేది అతని ఉద్యోగమే. ఆ భయంలో అతనికి చెవులు పనిచేయడం మానేశాయి.

దిగుతున్న తల్లుల్ని ఒక్కొక్కర్నీ పట్టుకుని అడిగింది. ఒకామె కళ్లు దించుకుని వెళ్లింది. ఒకామె, నన్నొక్కదాన్నే ఆపితే సగం రోజు కూలీ కోసేస్తారు, అందర్నీ ఆపు, అప్పుడు నేనూ ఆగుతానంది. కాజాలమ్మాయి కొడుక్కి రెండేళ్లు. ఆ అమ్మాయి అయినా ఆగుతుందనుకుంటే, ఆగి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఏడుపు గొంతుతో చెప్పింది. "ఇంకో గంట ఓపిక పట్టు పెద్దమ్మా. సరుకు పోతే మళ్లీ మూసేస్తారు. పోయినసారి ఆ ఐదు వారాలూ మావాడికి పాలకి బదులు చక్కెర నీళ్లు పట్టాను."

కాలరమ్మ కూడా పక్కనుంచే దిగింది. పోయినేడు నుంచీ ఆమె మెట్ల మీద ఎవరితోనూ మాట్లాడదు. ఇంకా ఇక్కడే ఎలా పనిచేస్తున్నావమ్మా అని ఆమెని అడిగినవాళ్లున్నారు. అడిగినవాళ్లెవరూ ఇంకో పని చూపించలేదు.

పెద్దమ్మ గదిలోకి తిరిగి వచ్చేసరికి గుమ్మం దాటి కూడా నీళ్లు వస్తున్నాయి. చాపలు తేలుతున్నాయి. పిల్లలు గోడ పక్కకి జరిగి నిలబడ్డారు. ఎవరూ ఏడవడం లేదు, అందరూ గ్లాసు వైపు చూస్తున్నారు. ఇంజను రెండు చెప్పులూ తొడుక్కుని, తాడు ముందు సిద్ధంగా ఉంది. పెద్దమ్మ ఇక ఆగలేదు. చెంచా తీసి గ్లాసు మీద మూడు దెబ్బలు కొట్టింది. ఈసారి మెల్లగా కొట్టలేదు.

ఎవరి గుండీ వాళ్లు పట్టుకున్నారు. నడిచేవాళ్లలో కాజాలమ్మాయి కొడుకు ఆఖరు. వాడి కంటే చిన్నదాన్ని పెద్దమ్మ వీపున దుప్పటితో కట్టుకుంది. దాని గుండీని కూడా దాని చేతికే ఇచ్చింది, లేకపోతే ఊరుకోదు. తాడు గుమ్మం దాటి, గోడ వైపునుంచి మెట్లెక్కడం మొదలుపెట్టింది. దిగుతున్న ఆడవాళ్లు పిల్లల్ని చూసి మలుపులోనే ఆగిపోయారు. ఎక్కుతున్న మూటల వరస మాత్రం పక్కనే సాగుతోంది. ఒకటి, రెండు, మూడు అని ఇంజను లెక్కపెడుతోంది, వెనక పిల్లలు అందుకుంటున్నారు. నాలుగు, ఐదు, ఆరు.

"ఏడు," అంది ఇంజను. అని ఆగి, వెనక్కి తిరిగింది.

ఆ వెనక పిల్ల తిరిగింది. దాని వెనక పిల్లాడు తిరిగాడు. ఎనిమిది నెలలు నేర్పిన చదువు ఊరికే పోతుందా. నడుస్తున్న ఇరవై ఇద్దరూ బుద్ధిగా నీళ్ల వైపు తిరిగారు. మెట్ల మీద ఉన్నవాళ్లు ఏడుగురే, మిగతావాళ్లందరూ కింద మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు. ఆఖరివాడికి అది నడుము దాకా వచ్చింది. పెద్దమ్మకి అప్పుడు తెలిసింది. తను నేర్పిందే. తన భయమే వాళ్లకి నేర్పింది, పాఠమంటూ.

"కిందికి కాదు తల్లీ, పైకి. ఇంకా పైకి వెళ్లు," అని కింద నుంచి పిలిచింది.

"ఏడు అయిపోయింది పెద్దమ్మా," అంది ఆ పిల్ల, తప్పు తనది కాదన్నట్టు.

ఇంతలో మూటల వరస కూడా ఆగింది. కాలరమ్మ పదో మెట్టు మీద ఉంది, తల మీద మూటతో. కూతురి గొంతు వెనక నుంచి, కింద నుంచి వినబడింది. ఆమె కదలలేదు. తల తిప్పితే మూట పడుతుంది, తిప్పకపోతే ఏమీ కనిపించదు. ఆమె వెనక ఇంకో పదిమంది ఆగిపోయారు. మలుపులోంచి గడియారం అరిచాడు, పిల్లల్ని గదిలోకి దించమని, బల్లల మీద ఎక్కించమని. ఎవరూ కదలకపోయేసరికి గొంతు తగ్గించి, మంచిమాటగానే కాలరమ్మతో చెప్పాడు.

"నువ్వు ఆగితే అందరూ ఆగిపోతారమ్మా. ఈ ఒక్క మూటా పెట్టేసి వచ్చి నీ కూతుర్ని తీసుకెళ్లు."

ఆ మాట ఎవరిదో అతనికి తెలియదు. అతను ఊరికే అన్నాడు. ఏడాదిగా ఆ మాట ప్రతి మెట్టు మీదా ఆమె వెంట ఎక్కుతూ, ఆమె వెంట దిగుతూ ఉంది. తన నోట్లోంచి వచ్చిన మాట ఇంకొకరి నోటి నుంచి విన్నప్పుడు గానీ ఆమెకి అర్థం కాలేదు, అది మొదటినుంచీ తన మాట కాదని.

ఆమె రెండు చేతులూ ఎత్తి మూట పట్టుకుంది. దించుకుంటుందేమో అనుకున్నారు. కడ్డీ మీదుగా అవతలికి వదిలేసింది. అరవై చొక్కాలు గోదాము గుమ్మంలో నీళ్ల మీద పడ్డ చప్పుడుకి పిల్లలు ఉలిక్కిపడ్డారు. మూట కాసేపు తేలి, ఒక పక్కకి ఒరిగి, మెల్లగా మునిగింది. దాని ఖరీదు ఆమె రెండు నెలల జీతం. అది అక్కడ ఉన్న అందరికీ తెలుసు.

ఆమె మూడు మెట్లు దిగి కూతురి పక్కన నిలబడి చెయ్యి చాపింది. ఆ పిల్ల చెయ్యి ఇవ్వలేదు. రెండు చేతులతో ముడిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అమ్మ కనిపించినా వదలకూడదు," అంది.

కాలరమ్మ తల ఊపింది. వదలకు అని చెప్పింది. చెప్పి, ఖాళీగా వేలాడుతున్న ముందు ముడిని, తెల్లగుండీతో సహా, తన పిడికిట్లోకి తీసుకుంది.

"అది అన్నది."

"తెలుసమ్మా. అన్న బదులు నేను పట్టుకుంటా."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి సరేనంది. కాలరమ్మ పైకి తిరిగింది. మలుపులో గడియారం ఫోను మోగుతోంది. అతను తీయలేదు, పక్కకి జరగనూ లేదు. రెండు చేతులూ చాపి, ఒకటి గోడకీ ఒకటి కడ్డీకీ ఆనించి నిలబడ్డాడు. కింద కాజాలమ్మాయి నీళ్లలో ఆగి ఉంది. తల మీద మూట, పక్కన నడుములోతు నీళ్లలో కొడుకు. మూట పట్టుకున్న రెండు చేతుల్లో ఒకటి కిందికి దిగింది, ఒకటి ఇంకా దిగలేదు.

"ఏడు తర్వాత ఏంటమ్మా?" అని అడిగింది ఇంజను.

"ఎనిమిది," అంది కాలరమ్మ, మెట్టు మీద కాలు పెట్టి.

"ఎనిమిది," అంది ఆ పిల్ల. దాని వెనక పిల్ల అంది, దాని వెనక పిల్లాడు అన్నాడు. ఆ మాట తాడు పొడుగునా ఒక్కో నోటా దిగుతూ, నీళ్లలో నిలబడ్డ ఆఖరివాడి దాకా వచ్చింది. వాడికి నోరు తిరగక ఇంకేదో అన్నాడు. పైన, మలుపులో, ఆ రెండు చేతులూ ఇంకా అడ్డంగానే ఉన్నాయి.